కణం కాపురం



పంచాంగ శ్రవణానికీ భోజనాలకూ మధ్య కార్యదర్శిగారు నాకు అరగంట ఇచ్చారు. కందాయ ఫలాలు విన్నవారు ఆదాయ వ్యయాల లెక్క వేసుకుంటున్నారు. పులిహోర తాలింపు వాసన వెనక గదిలోనుంచి వస్తూనే ఉన్నది. ఈ రెంటి నడుమ నిలబడి జీవకణం సంగతి ఎత్తటం కొంచెం సాహసమే. పైగా 'సెల్' అనగానే చెయ్యి జేబులోకి పోయే రోజులివి. నేను చెప్పే సెల్ జేబులో ఉండేది కాదు. ఆ చెయ్యీ అదే, జేబు వెనకనున్న ఒళ్లూ అదే.

నేను మెట్రిక్యులేషనుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. ఈ సభలో వైద్యులున్నారు, ప్రయోగశాలల్లో పనిచేసేవారున్నారు. వారుండగా నేను ఈ విషయం ఎత్తుకోవటానికి కారణం మనవి చేస్తాను. బెంగుళూరులో మన పిల్లలు శాస్త్రం ఇంగ్లీషులో చదువుతారు, వీధిలో కన్నడం మాట్లాడతారు, ఇంట్లో తెలుగు. ఆ ఇంటి తెలుగు ఎంతవరకూ అంటే అన్నం వడ్డించమనీ, పండక్కి ఊరు వెళదామనీ చెప్పేటంతవరకు. మా ఇంట్లో ఒకనాడు మా అమ్మగారు మనవరాలిని "ఏం చదువుతున్నావే తల్లీ?" అని అడిగితే, "సెల్ స్ట్రక్చర్, నాయనమ్మా. నీకు తెలియదులే" అన్నది. పొగరుతో అన్న మాట కాదది. చెప్పటానికి పిల్ల దగ్గర మాటలు లేవు. కొంతకాలం ఆ పిల్ల పుస్తకమూ, గ్రంథాలయంలో దొరికిన మరికొన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అట్లా కూడబెట్టుకున్న మాటలే ఈవేళ మీ ముందు పెడుతున్నాను. మనకు మాట ఉన్నచోట మన మాటే వాడతాను. లేనిచోట రైలు, టిక్కెట్టు అన్నంత ధైర్యంగా మైటోకాండ్రియా అంటాను.

రెండో కారణం ఇంకా దగ్గరిది. కణంలో శక్తి ఏ రూపంలో నిలవ ఉంటుందో, కణం రెండు కావాలంటే ఏ పదార్థం అవసరమో తేల్చినవారిలో మన భీమవరంలో పుట్టినాయన ఒకరున్నారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన పటానికి దండ వెయ్యటం మన సంఘాలకు తెలుసు. ఆయన చేసిన పని ఏమిటని అడిగితే మాత్రం "ఏదో మందులు కనిపెట్టాడండీ" అని ఊరుకుంటాము. ఈ పూట ఆ 'ఏదో' అన్న మాటను కొంచెం విప్పుదామని నా ప్రయత్నం.

ముందు పేరు సంగతి. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే ఆయన బెండు ముక్కను పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. తేనెపట్టులాగా గదులు కనిపించినవి. సన్యాసుల మఠంలో ఉండే చిన్న గది పేరు వాటికి పెట్టాడు. నిజానికి ఆయన చూసినవి ఖాళీ ఇళ్లు; లోపల కాపురం ఎప్పుడో చనిపోయినది. 1838లో ష్లైడెన్ మొక్కలన్నీ కణాలతో కట్టినవేనన్నాడు, మరుసటి ఏడు ష్వాన్ జంతువులూ అంతేనన్నాడు. 1855లో విర్హో అనే జర్మను వైద్యుడు, కణం ఎప్పుడూ మరొక కణంనుంచే పుడుతుంది, ఊరికే మట్టిలోనుంచి పుట్టదు అని ఖాయంగా చెప్పాడు. మన ఒంట్లో కణాలు సుమారు 30 లక్షల కోట్లు ఉంటాయని లెక్క. అందులో నూటికి 80కి పైగా ఎర్ర రక్తకణాలే. ఎర్రకణం ఆయుర్దాయం 120 రోజులు. పోయినవాటి బదులు ఎముకల మూలుగలో సెకనుకు దాదాపు 20 లక్షలు కొత్తవి తయారవుతుంటాయి. నేను మాట్లాడే ఈ అరగంటలో మీలో ఒక్కొక్కరి ఒంట్లో 360 కోట్ల కొత్త కణాలు పుడతాయి. కాబట్టి ఉపన్యాసం వినటం వలన కాలం వృథా అయిందని ఎవరూ అనటానికి వీలులేదు.

ఇక ఇంటి గోడ చూద్దాము. కణానికి చుట్టూ ఒక పొర ఉన్నది. కొవ్వు పదార్థం రెండు వరసలుగా పేర్చినట్లుంటుంది. కాగితం మందంలో పదివేలవ వంతుకంటె కూడా పలచన. ఇంత పలచని పొర ఏం ఆపుతుందంటారా? మరో నెలన్నరకు మీ ఇళ్లలో మాగాయ పెడతారు. మామిడికాయ ముక్కలకు ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెడతారు. నీటి చుక్క పొయ్యరు. మూడోనాటికి జాడీలో ఊట నిండి ఉంటుంది. ఆ నీళ్లు ఎక్కడివి? ముక్కలోని కణాలవి. పొర నీటిని పోనిస్తుంది గాని ఉప్పును అంత తేలికగా రానివ్వదు. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు ఆ వైపు నడుస్తుంది, కణం వడలుతుంది. ముక్క మెత్తబడి కుంచించుకుపోతుంది. పచ్చడిని చెడగొట్టడానికి వచ్చిన సూక్ష్మజీవి గతీ ఇంతే. దాని ఒంట్లోని నీరూ ఉప్పు లాగేస్తుంది, అది పెరగలేదు. మన అమ్మమ్మలకు సూక్ష్మదర్శిని లేదు గాని, కణం పొరతో వ్యవహారం ఎట్లా చెయ్యాలో తెలుసు.

మామిడికాయ పులుపు ఎక్కడ దాగి ఉంటుందో కూడా చెప్పాలి. కాయలోని ప్రతి కణంలోనూ నడుమ ఒక పెద్ద నీటి తిత్తి ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దానికి రిక్తిక అని పేరు. ఆ పేరు నాకు నచ్చలేదు. రిక్తం అంటే ఖాళీ గదా! అది ఖాళీ కాదు, పులుపంతా అందులోనే ఉన్నది. తిత్తి బయట కణంలో పులుపు దాదాపు లేదు. ఆ పులుపు కణమంతా పాకితే కణం బతకదు. అందుకని పులుపును తిత్తిలోకి తోడిపోసే పంపులు నిత్యమూ పనిచేస్తుంటాయి. పొర చెడితే ఏమవుతుందో బీట్‌రూట్‌తో చూడండి. పచ్చి ముక్కల్ని కడిగి చన్నీళ్లలో వేస్తే నీళ్లకు రంగు అంతగా దిగదు. వేన్నీళ్లలో వేస్తే గిన్నె అంతా ఎర్రన. వేడికి పొరలు చెడి తిత్తులు తెగిపోయినవన్నమాట.

మన ఒంటి కణాలకూ ఈ ఉప్పు నీటి లెక్క ఉన్నది. ఆసుపత్రిలో సూదిద్వారా ఎక్కించే సెలైనులో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. వట్టి నీళ్లు ఎక్కిస్తే ఎర్రకణాలు నీరు తాగి ఉబ్బి పగులుతాయి. పిల్లలకు విరేచనాలైనప్పుడు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టమంటారే, అదీ పొర కిటుకే. పేగు కణాల గోడలో ఒక తలుపు ఉన్నది. చక్కెరా ఉప్పూ చేతులు పట్టుకుని వస్తేనే అది తెరుచుకుంటుంది. వాటి వెంట నీరూ లోపలికి వస్తుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మాగాయ సంగతి ఇందాక చెప్పాను.

ఇప్పుడు పొయ్యి సంగతి. ఈ ఉదయం తిన్న ఉగాది పచ్చడిలో బెల్లం ఉన్నది గదా, ఆ బెల్లం వెంట నడుద్దాము. పేగుల్లో విడిపోయి గ్లూకోజు అవుతుంది, రక్తంలో కలుస్తుంది, కణంలోకి దిగుతుంది. కణంలో మొదటి దెబ్బకు గ్లూకోజు రెండు ముక్కలవుతుంది. అప్పుడు వచ్చే శక్తి కొద్దిపాటిది. తరవాత ఆ ముక్కలు మైటోకాండ్రియా అనే అరల్లోకి పోతాయి. మనం పీల్చిన ప్రాణవాయువు అక్కడ పని చేస్తుంది. దాదాపు మంట మీద కట్టె కాలినట్లే. కాని భగ్గుమనకుండా మెట్టు మెట్టుగా.

ఆ శక్తిని కణం ఏ రూపంలో దాచుకుంటుందన్నదే ప్రశ్న. ఇక్కడే సుబ్బారావుగారి ప్రవేశం. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో ప్యాసయ్యారు. ఈ ముక్క పరీక్షలు దగ్గరపడిన పిల్లల తల్లిదండ్రుల నిమిత్తం మనవి చేస్తున్నాను. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు వేసుకున్నందుకు తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. రావలసిన ఆయనకు చిన్న డిగ్రీ అయిన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. 1922లో అమెరికాలోని బోస్టను చేరారు. జరుగుబాటుకు ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పనులు చేశారు. హార్వర్డులో సైరస్ ఫిస్కె అనే ఆచార్యుని దగ్గర చేరి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతున్నదో కొలిచే పద్ధతి కనిపెట్టారు. కొన్ని ద్రవాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ పద్ధతి ఫిస్కె-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధమైనది.

కొలత చేతికి రాగానే ఆయన కండరం మీద పడ్డారు. ఆ రోజుల్లో కండరం ఎట్లా పనిచేస్తుందన్న విషయం తేలిపోయిందనే అనుకున్నారు. ఆ పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం కూడా వచ్చింది. కండరంలోని పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారటమే కండరం ముడుచుకోవటానికి మూలమని వారి సిద్ధాంతం. 1927లో ఫిస్కె, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే భాస్వర పదార్థాన్ని పట్టుకున్నారు. కండరం అలిసినప్పుడు అది తరుగుతున్నది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ పెరుగుతున్నది. దానితో పాత సిద్ధాంతానికి పునాది కదిలింది. 1929లో వారిద్దరూ ఎ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు.

ఎ.టి.పి. అంటే ఒక తలకాయకు మూడు భాస్వరపు పూసలు గుచ్చిన తోక అనుకోండి. చివరి పూస బలవంతాన నొక్కి పెట్టిన స్ప్రింగులాగా ఉంటుంది. అది ఊడిపోతే శక్తి వదులుతుంది, పని జరుగుతుంది. మళ్లీ పూస గుచ్చితే మళ్లీ సిద్ధం. గుచ్చే చోటు మైటోకాండ్రియా. అక్కడ నిజంగానే ఒక చక్రం ఉన్నది. శివనసముద్రంలో కావేరి నీరు పడి యంత్రం తిరిగితే, ఆ కరెంటు 1902లో కోలారు బంగారు గనులకూ, 1905లో మన బెంగుళూరు వీధి దీపాలకూ వచ్చింది. మైటోకాండ్రియా గోడలో ఇటువంటి ఏర్పాటే ఉన్నది. గోడకు ఒక పక్క కూడిన హైడ్రోజను అణువులు, అంటే వాటి విద్యుత్కణాలు, సందులోనుంచి రెండో పక్కకు దూకుతుంటే చక్రం సెకనుకు వంద చుట్లకు పైగా తిరగగలదు. చుట్టుకు మూడు ఎ.టి.పి.లు. ఏ క్షణాన చూసినా మన ఒంట్లో ఉన్న ఎ.టి.పి. వంద గ్రాములు మించదు. కాని పూస ఊడటం, గుచ్చటం లెక్కవేస్తే రోజుకు తయారయ్యేది మనిషి బరువుకు దగ్గరగా వస్తుంది. రొక్కం తక్కువ, చెలామణి ఎక్కువ. నెలాఖరున జీతగాడి ఇల్లు నడిచేదీ ఈ సూత్రం మీదనే.

మైటోకాండ్రియా గురించి ఇంకొక్క ముక్క. ఒకప్పుడు ఇవి స్వతంత్రంగా తిరిగిన సూక్ష్మజీవులనీ, పెద్ద కణంలో ప్రవేశించి అక్కడే స్థిరపడినవనీ 1967లో లిన్ మార్గులిస్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు వాదించింది. మొదట ఎవరూ వినలేదు, ఇప్పుడందరూ ఒప్పుకున్నారు. ఇప్పటికీ వాటికి తమ సొంత వంశ లేఖనం కొంత ఉన్నది. పొరుగు దేశం వచ్చి కాపురం పెట్టి, అక్కడి పని చేస్తూ, తమ రాత తమ దగ్గర ఉంచుకున్నవన్నమాట. ఇవి తల్లివైపునుంచి మాత్రమే బిడ్డకు వస్తాయి. పిల్లవాడి చురుకంతా తన పుట్టింటిదేనని వాదించే అమ్మలకు కొంత ఆధారం ఉన్నది.

ఇక కణంలో రవాణా. ఈ భాగం చదివినప్పుడు మా శాఖవారికి కలిగే ఆనందం వేరు. వీపు కింది భాగంనుంచి కాలి బొటనవేలి దాకా పోయే నరం చూడండి. అందులోని కణం తోక ఒక్కటే మీటరు దాకా ఉంటుంది. కణం కేంద్రకం పైన ఉన్నది, సరుకు వేలి కొసకు అందాలి. అందుకు కణం లోపల పట్టాలున్నవి. సన్నని బోలు గొట్టాలు. వాటి మీద కైనెసిన్ అనే మోసేవాడు సరుకు నెత్తిన పెట్టుకుని అడుగులో అడుగు వేస్తూ నడుస్తాడు. ఒక్కొక్క అడుగు మిల్లీమీటరులో పది లక్షల వంతులకు 8 వంతులు. అడుగుకు ఒక ఎ.టి.పి. ఖర్చు. 1985లో ఒక సముద్రజీవి నరంలో దీన్ని కనిపెట్టారు. తిరుగు ప్రయాణానికి డైనీన్ అనే వేరే కూలీ ఉన్నాడు. వేగం రోజుకు 400 మిల్లీమీటర్ల దాకా. అంటే నడుములో బయలుదేరిన సరుకు బొటనవేలు చేరటానికి రెండున్నర రోజులు. సరుకుకు చిరునామా కూడా ఉంటుంది. కణంలో తయారైన మాంసకృత్తులు, ఇప్పటి మాటలో ప్రోటీన్లు, ఏ అరకు పోవాలో వాటి ఒంటి మీదనే రాసి ఉంటుంది. పార్సెలు మీద స్టేషను పేరు రాసినట్లే. ఈ సంగతి తేల్చినందుకు గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది.

మన పెరళ్లలో బిళ్లగన్నేరు ఉంటుంది. బెంగుళూరు కుండీల్లోనూ ఉంటుంది. దానిలోనుంచి విన్‌క్రిస్టిన్ అనే మందు తీస్తారు. అది ఈ పట్టాల కూర్పును చెడగొడుతుంది. కణం రెండుగా చీలేటప్పుడు వంశ లేఖనాన్ని రెండు పక్కలకూ లాగేవి కూడా ఈ పట్టాలే కాబట్టి, పట్టా లేకపోతే కణం చీలలేదు. అందుకే పిల్లలకు వచ్చే రక్త కాన్సరుకు అది మందు. ఆ మందు తీసుకున్నవారికి చేతివేళ్లూ కాలివేళ్లూ తిమ్మిరెక్కుతాయి. ఎందుకో మీరే చెప్పగలరు: పొడుగు లైనుల మీద సరుకు అందటం కష్టమవుతుంది. ఆకు మందే గదా అని పెరట్లో ఆకు కోసి కషాయం కాచే పని మాత్రం ఎవరూ చెయ్యవద్దు. అది విషం.

చివరకు కేంద్రకం. కణంలో ఇది ఆఫీసు గది. ఇందులో డి.ఎన్.ఎ. అనే దారం 46 ముక్కలుగా చుట్టి ఉన్నది. విప్పి పరిస్తే ఒక్క కణంలోని దారం సుమారు రెండు మీటర్లు. నాలుగే అక్షరాలతో రాసిన రాత. దానికి నకలు తీసి బయటికి పంపితే, రైబోసోము అనే యంత్రం ఆ నకలు చదివి ప్రోటీను అల్లుతుంది. ఇదంతా పిల్లల పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉన్నది కాబట్టి త్వరగా దాటిపోతాను. నేను నిలవదలచింది కణం రెండు కావటం దగ్గర. కణం చీలే ముందు ఆ రెండు మీటర్ల రాతకూ మరొక ప్రతి రాయాలి. రాయటానికి అక్షరాలు కావాలి. ఆ అక్షరాల తయారీకి, ముఖ్యంగా థైమిన్ అనే అక్షరానికి, ఫోలిక్ ఆమ్లం అనే విటమిను లేకపోతే కుదరదు.

ఈ కథకు మొదలు మన దేశంలోనే. 1928 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు రక్తం ఎందుకు విరిగిపోతున్నదో చూసింది. వారి మూలుగలో కణాలు లావెక్కి ఉన్నవి గాని చీలటం లేదు. ఈస్టునుంచి తీసిన ముద్ద తినిపిస్తే నయమైనది. ఆ ముద్దలో ఉన్న వస్తువు ఏమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో టన్నులకొద్దీ పాలకూరనుంచి దాన్ని కొద్దిగా తీసి, ఆకు అనే అర్థం వచ్చేట్లు ఫోలిక్ అని పేరు పెట్టారు. సుబ్బారావుగారు 1940లో హార్వర్డు వదిలి లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరారు. అక్కడ ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది.

ఆయన ఇంటి సంగతి తెలిస్తే ఈ పని బరువు తెలుస్తుంది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. మనవారు సంగ్రహణి అంటారు. తిన్నది పేగులకు ఒంటబట్టదు, మనిషి చిక్కి శల్యమవుతాడు. మన పేగుల లోపలి పొరలో కణాలు నాలుగైదు రోజులకొకసారి కొత్తవి రావాలి. ఫోలిక్ ఆమ్లం లేకపోతే రావు. అవి రాకపోతే తిన్న ఫోలిక్ ఆమ్లమూ ఒంటబట్టదు. ఇదొక విషవలయం. ఈనాడు ఆ జబ్బుకు ఇచ్చే చికిత్సలో ఫోలిక్ ఆమ్లం మాత్ర తప్పనిసరి. అన్నదమ్ములకు అందని మందును ఆయన లోకానికి అందించారు.

ఇది పాత కథగా వినవద్దు. గర్భిణి కడుపులో బిడ్డకు వెన్ను గొట్టం మూసుకునేది మొదటి 28 రోజుల్లో. ఆ రోజులకు చాలామంది తల్లులకు గర్భం సంగతే తెలియదు. అంతకు ముందు అటువంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లుల మీద జరిగిన పెద్ద పరిశోధన 1991లో వెలువడింది. ముందునుంచే ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే అదే లోపం మళ్లీ రావటం నూటికి 72 వంతులు తగ్గినది. మన ఇళ్లలో మూడోనెల వచ్చి, నలుగురికీ చెప్పిన తరవాత గాని డాక్టరు దగ్గరకు తీసుకుపోని వాడుక ఇంకా ఉన్నది. దిష్టి తగులుతుందని భయం. దిష్టి సంగతి ఎట్లా ఉన్నా, ఈ మాత్ర మూడోనెల దాకా ఆగే మాత్ర కాదు. బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. అత్తగార్లు వింటున్నారని ఆశిస్తున్నాను. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు కూడా మంచివే. కాని కూర ఉడికించి నీళ్లు వార్చేస్తే అందులో చాలా భాగం నీళ్లతోనే పోతుంది.

ఒకే వస్తువుకు రెండు వైపులా పదునుండటం ఇక్కడ చూడాలి. కణం చీలటానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. కాన్సరు అంటే చీలటం ఆపని కణం. అయితే దానికి నకిలీ ఫోలిక్ ఆమ్లం అందిస్తే? చూడటానికి అసలుదానిలాగే ఉండి, తాళంలోకి దూరి, తిరగకుండా ఇరుక్కునే దొంగ తాళపుచెవి అన్నమాట. సుబ్బారావుగారి బృందం అటువంటిది తయారుచేసింది. పేరు అమైనోప్టెరిన్. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త కాన్సరు పిల్లలకు దాన్ని ఇచ్చి, 1948 జూనులో ఫలితం ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. తగ్గినది కొద్దికాలమే, తరవాత తిరగబెట్టింది. అయినా అంతకుముందు ఆ జబ్బు మందుకు లొంగిందన్న మాటే లేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉన్నది. విన్‌క్రిస్టిన్ మొదలైనవాటితో కలిపి ఇస్తే, మంచి చికిత్స సకాలంలో అందిన పిల్లల్లో ఎక్కువమంది ఇప్పుడు పూర్తిగా బాగుపడుతున్నారు. మందు పడ్డప్పుడు జుట్టు రాలటం, నోరు పూయటం ఎందుకంటే, జుట్టు కుదుళ్లూ నోటి పొరా కూడా త్వరత్వరగా చీలే కణాలే. దొంగ తాళపుచెవికి మనవాడూ పగవాడూ అన్న తేడా తెలియదు.

కీళ్లవాతానికి కూడా ఈ మెథోట్రెక్సేట్‌నే తక్కువ మోతాదులో ఇస్తారు. వారానికి ఒక్కసారి మాత్రమే. రోజూ వేసుకునే మాత్ర అనుకుని పొరపాటు పడితే మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇళ్లలో పెద్దలెవరైనా వాడుతుంటే మాత్రల డబ్బా మీద వారం పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

సుబ్బారావుగారు ఫార్బర్ ఫలితం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో నిద్రలోనే పోయారు. వయస్సు 53. అమెరికా పోయిన తరవాత ఒక్కసారి కూడా ఇంటికి తిరిగి రాలేదు. మద్రాసులో వదిలి వెళ్లిన భార్యను మళ్లీ చూడలేదు. బోదకాలుకు ఇచ్చే మందు కూడా ఆయన బృందం చలవే. గోదావరి జిల్లాలనుంచి వచ్చినవారికి ఆ జబ్బు గురించి నేను చెప్పనక్కరలేదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. నోబెల్ రాలేదని మనవారు బాధపడుతుంటారు. నాకు అంత బాధ లేదు. భాస్వరం కొలిచే ఆ నీలం రంగు మన పిల్లలకు ఏ కళాశాలలోనైనా చూపించి, "ఇది భీమవరంలో పుట్టినాయన పద్ధతి" అని చెప్పేవారు లేరే అన్నది నా బాధ. ఈ ఊళ్లోనే టాటావారి సంస్థ ఉన్నది, ఉత్తరాన జీవశాస్త్రాల జాతీయ కేంద్రం ఉన్నది. హైదరాబాదులో భార్గవగారు 1977లో మొదలుపెట్టిన సి.సి.ఎం.బి. కణం పని మీదనే ఉన్నది. మన పిల్లలు అక్కడికి చేరవచ్చు, చేరుతున్నారు కూడా. వారు ఇంటికి వచ్చినప్పుడు, ఏం చేస్తున్నావని నాయనమ్మ అడిగితే చెప్పటానికి ఈ మాటలు పనికివస్తాయేమో చూడండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క విన్నపం. వంటశాల పక్క వరండాలో ఒక సూక్ష్మదర్శిని బల్ల మీద పెట్టించాము. ఉల్లిపాయ రెబ్బ లోపలివైపు పలచని పొర తీసి, గాజుపలక మీద పరిచి, ఒక చుక్క అయోడిన్ వేసి ఉంచాము. ఇటుకలు పేర్చినట్లు గదులు కనిపిస్తాయి. ఒక్కొక్క గదిలో చుక్కలాగా ఉన్నది కేంద్రకం. ఆకుపచ్చ రేణువులు కనిపించలేదని వెతకవద్దు, ఉల్లిపాయ భూమిలో పెరిగేది కాబట్టి దానికి అవి ఉండవు. పెద్దవాళ్లు ముందు చూడండి. పిల్లలు పక్కన నిలబడి ఏది ఏమిటో తెలుగులో చెబుతారు. కళ్లద్దాలున్నవారు తీసి చూడవచ్చు, పక్కనున్న మరను కొంచెం తిప్పితే సరిపోతుంది. పులిహోర తిన్న చేతులతో మాత్రం గాజుపలక ముట్టుకోవద్దు.